పని ఒత్తిడి కొలత: సర్వే దగ్గరే ఆగిపోతే ఏమవుతుంది?

క్లుప్తంగా

పనిచేసే చోట మనసుకు, దాని ద్వారా ఒంటికి హాని చేసే పరిస్థితులను సైకోసోషల్ రిస్కులు అంటున్నారు. వీటిని కొలిచే ప్రశ్నావళులు డెన్మార్క్, బ్రిటన్, జపాన్, స్పెయిన్‌లలో ఏళ్ల తరబడి వాడుకలో ఉన్నాయి. ప్రశ్నలు చాలావరకు ఒకే తీరువి. అయినా ఒకచోట అవి మార్పుకు దారితీస్తే, మరోచోట నివేదికగా ఫైల్లో చేరుతున్నాయి. ఎవరిని ఏ గుంపుగా లెక్కించాలి, వచ్చిన అంకెను ఎలా చదవాలి, ఏది మార్చాలి అనే నిర్ణయాల్లో కార్మికులకు ఎంత చోటు ఉందన్నదే ఈ తేడాకు ప్రధాన కారణం. భారత చట్టం ఈ రిస్కుల పేరెత్తదు. వాటిని చర్చించగల కమిటీలు మాత్రం ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఒకేలా కనిపించే మూడు సర్వేలు

కంపెనీల్లో ఏడాదికోసారి ఒక మెయిల్ వస్తుంది. పది నిమిషాలు కేటాయించి కొన్ని ప్రశ్నలకు జవాబివ్వమంటుంది. అది ఉద్యోగులకు సంస్థ మీద ఎంత అభిమానం ఉందో తెలుసుకునే ఎంగేజ్‌మెంట్ సర్వే కావచ్చు. నిద్ర, ఆందోళన, దిగులు గురించి అడిగే వెల్‌నెస్ సర్వే కావచ్చు. పని పద్ధతులే హాని చేస్తున్నాయేమోనని ఆరా తీసే రిస్క్ అంచనా కావచ్చు. జవాబిచ్చేవారికి మూడూ ఒకటే అనిపిస్తాయి. మేనేజ్‌మెంట్లు కూడా ఒకదాన్ని చేయించి మరొకటి చేశామని చెప్పుకోవడం కద్దు.

తేడా ప్రశ్నల్లోనే ఉంది. మొదటి రకం ‘ఈ సంస్థలో పనిచేస్తున్నందుకు గర్వపడుతున్నారా’ అంటుంది. రెండోది ‘ఈ మధ్య దిగులుగా అనిపించిందా’ అంటుంది. మూడోది ‘ఇచ్చిన గడువులో పని పూర్తవుతుందా, విరామం ఎప్పుడు తీసుకోవాలో మీరే నిర్ణయించుకోగలరా, మీ నుంచి ఏం ఆశిస్తున్నారో మీకు స్పష్టంగా తెలుసా’ అని అడుగుతుంది. మొదటి రెండూ మనిషి గురించి ఆరా తీస్తాయి, మూడోది పని గురించి. దిగులుగా ఉన్నానని చెప్పిన మనిషిని కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. గడువు చాలడం లేదని చెబితే గడువునో, మనుషుల సంఖ్యనో మార్చాలి. ఖర్చు, బాధ్యత ఎవరి మీద పడతాయన్నది ఇక్కడే తేలిపోతుంది.

2021లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ వెలువరించిన 45003 మార్గదర్శకాలు ఈ మూడో రకానికి సంబంధించినవి. వృత్తి భద్రతకు ఉన్న ఐఎస్‌ఓ 45001 ప్రమాణానికి ఇవి అనుబంధం. 2022లో ఆస్ట్రేలియా తన నమూనా భద్రతా నిబంధనల్లో సైకోసోషల్ రిస్కులను నేరుగా చేర్చింది. యూరప్‌లో పని భద్రతకు మూలమైన 1989 నాటి ఫ్రేమ్‌వర్క్ డైరెక్టివ్ (సభ్య దేశాలకు వర్తించే ఉమ్మడి చట్టం) ప్రకారం యాజమాన్యం అన్ని రకాల రిస్కులనూ అంచనా వేయాలి, ఆ విషయంలో కార్మికులను సంప్రదించాలి.

కొలతకు ఆధారం ఏమిటి

ఒత్తిడి మనిషిని బట్టి ఉంటుంది, దాన్ని కొలవడం ఎలా కుదురుతుందన్నది తరచూ వచ్చే అభ్యంతరం. 1979లో పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ ప్రతిపాదించిన నమూనా దీనికి జవాబుగా నిలిచింది. పని భారం ఒక్కటే చూస్తే చాలదు, ఆ పని మీద మనిషికి ఉన్న అదుపును కూడా చూడాలన్నది అందులోని ముఖ్యాంశం. భారం ఎక్కువగా, అదుపు తక్కువగా ఉన్న ఉద్యోగాలే ఎక్కువ హాని చేస్తాయి. అందుకే ఇద్దరూ పది గంటలు పనిచేసినా, తన పనిని తానే సర్దుకోగల ఇంజినీరుకూ, బాత్రూమ్‌కు వెళ్లడానికి కూడా సూపర్‌వైజర్‌ను అడగాల్సిన కాల్ సెంటర్ ఉద్యోగికీ ముప్పు ఒకేలా ఉండదు. తర్వాతి పరిశోధకులు తోటివారి ఆసరాను దీనికి కలిపారు. 1996లో యోహాన్నెస్ సీగ్రిస్ట్ మరో కోణం చేర్చారు. పెట్టిన శ్రమకూ, దక్కిన జీతం, గౌరవం, ఉద్యోగ భద్రతలకూ మధ్య పొంతన లేకపోవడమే ఆయన చెప్పిన ముప్పు.

ఇవి ఊహలుగా మిగిలిపోలేదు. యూరప్‌లోని 13 అధ్యయనాల నుంచి దాదాపు 2 లక్షల మంది సమాచారాన్ని కలిపి చేసిన విశ్లేషణ 2012లో వెలువడింది. భారం ఎక్కువ, అదుపు తక్కువగా ఉన్న ఉద్యోగుల్లో గుండె రక్తనాళాల జబ్బు ముప్పు 23 శాతం ఎక్కువగా ఉందని అది తేల్చింది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ముప్పు, 35 నుంచి 40 గంటలు చేసేవారితో పోలిస్తే 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. ఫ్యాక్టరీలో శబ్దాన్నీ దుమ్మునూ కొలిచినట్టే పని తీరునూ కొలవాలన్న వాదనకు బలం ఈ లెక్కల నుంచే వస్తోంది. శబ్దానికి మీటరు ఉంది. ఇక్కడ ఉన్న మీటరు కార్మికుడి అనుభవం ఒక్కటే.

ప్రశ్నావళి ఎంతవరకు చెబుతుంది

వాడుకలో ఉన్నవాటిలో డెన్మార్క్‌లో రూపొందిన కోపెన్‌హేగన్ ప్రశ్నావళి ఎన్నో భాషల్లోకి వెళ్లింది. దాని మూడో రూపం 2019లో వచ్చింది. బ్రిటన్‌లో ఆరోగ్య, భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ 2004లో ఆరు అంశాలతో ప్రమాణాలు ప్రకటించింది. అవి పని భారం, అదుపు, ఆసరా, సంబంధాలు, పాత్రలో స్పష్టత, మార్పులు. వీటిని కొలవడానికి 35 వాక్యాల పత్రం ఉంది. జవాబులను కూడి, ఇతర సంస్థల ఫలితాలతో పోల్చి రంగులు వేస్తారు. అట్టడుగు 20 శాతంలో ఉంటే ఎరుపు, పై 20 శాతంలో ఉంటే ఆకుపచ్చ.

ఇందులో ఒక చిక్కుంది. ఈ పోలిక తోటి సంస్థలతో చేసేదే గానీ హానితో చేసేది కాదు. ఒక రంగంలో అందరూ పన్నెండు గంటలు పనిచేయిస్తున్నారనుకుందాం. పోలిక ఆ రంగంలోపలే జరిగితే, పదకొండున్నర గంటలు చేయించే కంపెనీకి ఆకుపచ్చ రంగు పడవచ్చు. అందుకే హెచ్‌ఎస్‌ఈ సైతం అంకెలను తుది తీర్పుగా చూడవద్దంటుంది. ఫలితాలు వచ్చాక ఉద్యోగులను ఆరు నుంచి పది మంది చొప్పున చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఈ అంకెలు నిజమేనా, వీటి వెనక ఏముందని అడగాలన్నది దాని సూచన. ఆచరణలో చాలా సంస్థలు వదిలేసే మెట్టు ఇదే. సర్వేను సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. మనుషులను పని మాన్పించి గంటన్నర కూర్చోబెట్టడానికి ఏ మేనేజరూ తొందరపడడు.

సగటులో కలిసిపోయేవి

సంప్రదింపులు కొలతకు ఏం కలుపుతాయో ఒక ఊహాజనిత బస్ డిపోతో చూడవచ్చు. 200 మంది సిబ్బంది. ‘పని పూర్తి చేయడానికి సమయం చాలడం లేదు’ అన్న వాక్యానికి డిపో సగటు మధ్యస్థంగా వచ్చింది, పెద్దగా ఆందోళన పడాల్సింది లేదనిపిస్తుంది. అయితే ఒక రూట్‌లో బస్సులు నడిపే 25 మంది ‘ఎప్పుడూ’ అని టిక్ పెట్టి ఉంటారు. ఆఫీసు, గ్యారేజీ సిబ్బంది జవాబుల్లో ఆ టిక్కులు కలిసిపోయాయి. హోదాల వారీగా విడదీసినా ఇది బయటపడదు, ఎందుకంటే డ్రైవర్లందరూ ఒకే వరుసలోకి వస్తారు. ‘హోదాల వారీగా కాదు, రూట్ల వారీగా తీయండి’ అని చెప్పగలిగేది డ్యూటీ చార్టు తెలిసిన డ్రైవరే. ఆ రూట్ రన్నింగ్ టైమ్‌ను ట్రాఫిక్ ఇంతగా లేని రోజుల్లో నిర్ణయించారనీ, ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి టెర్మినల్ దగ్గర భోజన విరామం వదులుకుంటున్నారనీ ఏ ప్రశ్నావళీ కనిపెట్టలేదు.

అడగాల్సిన ప్రశ్నల సంగతీ అంతే. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైంది. కిక్కిరిసిన బస్సులో ప్రతి ఒక్కరి కార్డూ చూసి జీరో టికెట్ కొట్టడం కండక్టర్ పనిలో చేరింది. పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. దాంతో మారిన పని భారాన్ని కోపెన్‌హేగన్‌లో రాసిన ప్రశ్న దానంతట అది పట్టుకోలేదు. ఆ ప్రశ్న చేర్చాలని చెప్పడానికి కండక్టర్ ఆ గదిలో ఉండాలి.

బస్సుల ఉదాహరణకు నిజమైన ఆధారమూ ఉంది. 1990లలో స్టాక్‌హోమ్‌లో ఒక సిటీ బస్సు మార్గంలో ప్రత్యేక లేన్లు వేసి, స్టాపులను, ప్రయాణికులకు సమాచారం అందే తీరును మెరుగుపరిచారు. ఆ మార్గం డ్రైవర్లను ఇతర మార్గాల వారితో పరిశోధకులు పోల్చి చూశారు. రోజువారీ చికాకులు తగ్గడంతో పాటు వారి రక్తపోటు, గుండె వేగం కూడా తగ్గాయి. డ్రైవర్లకు ధ్యానం నేర్పి సాధించిన ఫలితం కాదిది, రోడ్డును మార్చి సాధించింది.

సర్వేకు అందనివారు మరికొందరు ఉంటారు. తట్టుకోలేక రాజీనామా చేసినవారు, దీర్ఘ సెలవులో ఉన్నవారు జవాబివ్వరు. మిగిలినవారు తట్టుకోగలిగినవారు కాబట్టి అంకె ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో ఉన్న ఆన్‌లైన్ ఫారం హౌస్‌కీపింగ్ సిబ్బందికీ, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కూలీలకూ చేరదు. ఎంప్లాయీ ఐడీతో లాగిన్ అయ్యి జవాబిమ్మంటే, పేరు బయటపెట్టబోమన్న హామీని నమ్మేవారు తక్కువ. అందుకే సర్వేతో పాటు సిక్ లీవులు, రాజీనామాలు, బదిలీ దరఖాస్తుల లెక్కలు పక్కన పెట్టుకుని, వాటిని కార్మిక ప్రతినిధులతో కలిసి చదవాలని నిపుణులు అంటారు.

జపాన్ ఒక దారి, స్పెయిన్ మరో దారి

జపాన్ 2015 డిసెంబర్ నుంచి 50 మంది, ఆపైన ఉన్న కార్యాలయాల్లో ఏటా ‘స్ట్రెస్ చెక్’ను తప్పనిసరి చేసింది. ఎక్కువగా వాడే పత్రంలో 57 ప్రశ్నలుంటాయి. వ్యక్తి ఫలితం ఆ వ్యక్తికే వెళుతుంది, అతని అంగీకారం లేకుండా యజమానికి ఇవ్వకూడదు. ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారు డాక్టరుతో మాట్లాడాలని కోరవచ్చు. అయితే అలా కోరితే విషయం యజమానికి తెలుస్తుంది, కాబట్టి చాలామంది కోరరు. విభాగాల వారీ విశ్లేషణ, దాన్ని బట్టి పని పరిస్థితుల మార్పు ‘ప్రయత్నించాల్సిన’ విధి స్థాయిలోనే ఉన్నాయి, కచ్చితంగా చేసి తీరాల్సినవి కావు. పది మంది కంటే చిన్న గుంపు ఫలితాలను సాధారణంగా యజమానికి ఇవ్వరు. గోప్యత కోసం పెట్టిన ఈ హద్దు చిన్న యూనిట్ల సమస్యను కనబడకుండా చేస్తుంది కూడా. 50 మంది లోపు ఉన్నచోట్లకూ ఈ తనిఖీని విస్తరిస్తూ 2025లో చట్టం సవరించారు. వ్యక్తికి రక్షణ ఇవ్వడంలో ఈ పద్ధతి గట్టిది, పనిని మార్చడంలో బలహీనం.

స్పెయిన్ వ్యవహారం వేరు. అక్కడ 1995 నాటి చట్టం ప్రకారం కార్మికులు ఎన్నుకున్న ప్రతినిధులు తమలోంచి ఎంపిక చేసిన భద్రతా ప్రతినిధులుంటారు. 50 మంది, ఆపైన ఉన్నచోట యాజమాన్య, కార్మిక పక్షాలు సమాన సంఖ్యలో కూర్చునే భద్రతా కమిటీ ఉంటుంది. కార్మిక సంఘానికి చెందిన ఇస్తాస్ సంస్థ కోపెన్‌హేగన్ ప్రశ్నావళిని స్పానిష్‌లోకి తెచ్చి, దాంతో పాటు దాన్ని నడిపే పద్ధతినీ రూపొందించింది. మొదట రెండు పక్షాలతో ఒక వర్కింగ్ గ్రూప్ ఏర్పడుతుంది. ఏయే విభాగాలుగా లెక్కించాలి, గోప్యత ఎలా, పత్రాలు ఎలా పంచాలి అన్నవి ఆ గ్రూపే ఒప్పందంగా రాసుకుంటుంది. ఫలితాలను చదివేదీ, కారణాలు తేల్చేదీ, మార్పులు ప్రతిపాదించేదీ అదే గ్రూపు. చిలీ ఈ ప్రశ్నావళిని తన పరిస్థితులకు మలుచుకుని జాతీయ స్థాయిలో వాడింది.

జర్మనీ 2013లో తన భద్రతా చట్టంలో పని వల్ల కలిగే మానసిక భారాన్ని పేరుపెట్టి చేర్చింది. అంచనా ఎలా వేయాలన్న దానిలో ఉద్యోగులు ఎన్నుకునే వర్క్స్ కౌన్సిల్‌కు సహనిర్ణయ హక్కు, అంటే యాజమాన్యంతో కలిసి నిర్ణయించే హక్కు ఉంది. కౌన్సిల్ ఒప్పుకోకపోతే యాజమాన్యం తనకు నచ్చిన సర్వేను రుద్దలేదు.

స్పెయిన్ తరహాలో చిక్కులు లేవని కాదు. నెలలు పడుతుంది, చిన్న సంస్థలకు భారం. సంబంధాలు చెడిన చోట వర్కింగ్ గ్రూప్ జీతాల బేరానికి మరో వేదికగా మారుతుంది. ఇంతకంటే లోతైన ఇబ్బంది, ప్రతినిధులు అందరి గొంతూ కాకపోవడం. గుంపు చర్చలో సీనియర్ల ముందు కొత్తవారు, మగవారి మధ్య ఒంటరి మహిళ, కులం పేరుతో అవమానాలు పడుతున్నవారు నోరు విప్పకపోవచ్చు. ఇలాంటి వాటికి పేరు లేని ప్రశ్నావళే మెరుగైన దారి. కాబట్టి సర్వే, సంప్రదింపులు ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయాలు కావు, ఒకదానికి కనబడనిదాన్ని మరొకటి చూస్తుంది.

ఫ్రాన్స్ టెలికాం చెప్పే సంగతి

సంప్రదింపులను పక్కనపెడితే ఏమవుతుందో చెప్పడానికి ఎక్కువగా ఉదహరించే కేసు ఫ్రాన్స్‌కు చెందిన టెలిఫోన్ సంస్థ ఫ్రాన్స్ టెలికాం, ఇప్పటి ఆరెంజ్. 2006 నుంచి 2008 లోపు 22 వేల మందిని తగ్గించుకోవాలని ఆ సంస్థ ప్రణాళిక వేసింది. ఉద్యోగుల్లో ఎక్కువమంది ప్రభుత్వోద్యోగ హోదా ఉన్నవారు, నేరుగా తీసేయడం కుదరదు. బలవంతపు బదిలీలు, పాత్రల మార్పులతో వారే వెళ్లిపోయేలా ఒత్తిడి పెట్టారని తర్వాత కోర్టు తేల్చింది.

ఇక్కడ గమనించాల్సింది కాలక్రమం. 2007లోనే రెండు కార్మిక సంఘాలు కలిసి ఒత్తిడిని, బలవంతపు బదిలీలను నమోదు చేసే పరిశీలన కేంద్రాన్ని సొంతంగా పెట్టుకుని, ఉద్యోగుల మధ్య సర్వే నడిపాయి. యాజమాన్యం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2009లో వరుస ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాక, బయటి నిపుణుల సంస్థతో లక్ష మందికి పైగా ఉద్యోగులకు ప్రశ్నావళి పంపారు. వారిలో నాలుగింట మూడొంతుల మందికి పైగా జవాబిచ్చారు. పని ఒత్తిడి సర్వేల్లో అరుదైన స్పందన అది. అంటే ఉద్యోగులు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నారు. 2019 డిసెంబర్‌లో కోర్టు సంస్థను, మాజీ అధిపతిని, మరికొందరు ఉన్నతాధికారులను సంస్థాగత వేధింపుల కింద దోషులుగా తేల్చింది. 2025 జనవరిలో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం ఈ సూత్రాన్ని సమర్థించింది. ఒక వ్యక్తి మరో వ్యక్తిని వేధించాడని నిరూపించనక్కర్లేదు, సంస్థ విధానమే వేధింపు కావచ్చన్నది దాని సారం.

ఇక్కడి చట్టంలో చోటెక్కడ

భారత్‌లో 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వాటిలో ఒకటి. గాయానికో వృత్తి సంబంధ వ్యాధికో దారితీసే ప్రమాదాలు లేకుండా చూడడం యజమాని విధి అని అది అంటుంది. సైకోసోషల్ రిస్క్ అన్న మాట అందులో లేదు, నోటిఫై చేసిన వ్యాధుల జాబితాలో మానసిక వ్యాధులూ లేవు. యజమాని విధిని విస్తరించి చదివితే తప్ప పని ఒత్తిడి దాని కిందికి రాదు.

వేదికలకు మాత్రం కొదవలేదు. 500 మంది, ఆపైన కార్మికులున్న సంస్థల్లో భద్రతా కమిటీ ఉండాలి. అందులో కార్మిక ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల కంటే తక్కువ కాకూడదు. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 100 మంది ఉన్నచోట యాజమాన్య, కార్మిక ప్రతినిధులుండే వర్క్స్ కమిటీని ప్రభుత్వం ఏర్పాటు చేయించవచ్చు, 20 మంది ఉన్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి.

సంప్రదింపులు తెలుగు నేలకు కొత్త కూడా కాదు. సింగరేణి గనుల్లో పిట్ సేఫ్టీ కమిటీలు (గని స్థాయి భద్రతా కమిటీలు), వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు (కార్మికుల తరఫున గనిని తనిఖీ చేసేవారు) 1955 నాటి గనుల నిబంధనల కింద పనిచేస్తున్నవే. పైకప్పు కూలే ప్రమాదాన్నీ గాలి ఆడని చోటునూ ముందు పసిగట్టేది అక్కడ పనిచేసేవాడేనన్న గుర్తింపు ఆ ఏర్పాటులో ఉంది. షిఫ్టుల మార్పు, విశ్రాంతి రోజు, సూపర్‌వైజర్ తీరు లాంటివి అదే కమిటీ ఎజెండాలో చేరడానికి చట్టం అడ్డు చెప్పదు. అలవాటు లేకపోవడమే అడ్డు.

ఐటీ రంగంలో ఇబ్బంది మరో రకం. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో సంఘాలు దాదాపు లేవు, ప్రతినిధిని ఎన్నుకునే ఆనవాయితీ లేదు. పైగా కోడ్‌ల నిర్వచనం ప్రకారం నెలకు 18 వేల రూపాయలకు మించి జీతం తీసుకుంటూ పర్యవేక్షణ పని చేసేవారు ‘వర్కర్’ కారు. పై నుంచి గడువుల ఒత్తిడినీ, కింది నుంచి టీమ్ అసంతృప్తినీ మోసే టీమ్ లీడ్ పని పర్యవేక్షణ కిందికి వస్తే, సంప్రదింపుల చట్రం నుంచే బయటపడతాడు.

ముందు ముందు జరిగేవి

ఈ కొలతలు చేపట్టాలన్న ఒత్తిడి దగ్గరి కాలంలో ఇక్కడి చట్టం కంటే బయటి నుంచే ఎక్కువగా రావచ్చు. ఆస్ట్రేలియా, యూరప్‌లలో వ్యాపారమున్న సంస్థలు అక్కడి విధులకు తగ్గట్టు ఒకే పద్ధతిని అన్ని దేశాల్లో పాటించాలనుకుంటే, హైదరాబాద్, విశాఖ కార్యాలయాలకూ ప్రశ్నావళులు వస్తాయి. ఆడిటర్‌కు చూపించడానికి ఒక నివేదిక తయారవుతుంది. ఆ నివేదిక ఎవరి చేతిలోకి వెళుతుందన్నది మాత్రం సంస్థ ఇష్టానికే మిగులుతుంది. ఫలితాలను సిబ్బందికి చెప్పకుండా రెండోసారి సర్వే పెడితే జవాబులు తగ్గిపోవడం సహజం. స్పందన శాతం పడిపోయిందంటే ఉద్యోగులు సంతృప్తిగా ఉన్నారని చదువుకునే మేనేజర్లూ లేకపోలేదు.

అన్నిటికంటే పెద్ద ఖాళీ కాంట్రాక్టు కార్మికులది. వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం దేశంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో దాదాపు 40 శాతం మంది కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవారు. ఉద్యోగ భద్రత తక్కువ, షిఫ్టు మీద మాట చెల్లదు, జీతం ఆలస్యమైతే అడిగే చోటు దొరకదు. కరాసెక్, సీగ్రిస్ట్ నమూనాలు చెప్పే ముప్పులు కలిసి పడేది వీరి మీదే. ప్రధాన సంస్థ సర్వే పెడితే అది తన మస్టర్ రోల్‌లో ఉన్నవారి వరకే వెళుతుంది, కాంట్రాక్టర్ సర్వే పెట్టడు. రాష్ట్రాలు కోడ్‌ల కింద నిబంధనలు ఖరారు చేసేటప్పుడు భద్రతా కమిటీలో కాంట్రాక్టు కార్మికుల ప్రతినిధికి స్పష్టంగా చోటు రాస్తాయా లేదా అన్నదాన్ని బట్టి, ఈ కొలతలోకి ఫ్యాక్టరీ మొత్తం వస్తుందో, గేటు లోపలున్న వారిలో కొందరే వస్తారో తేలుతుంది.